ఎపిక్ ఫాంటసీ పాఠకులకి తర్వాతి సిరీస్ చెప్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"గేమ్ ఆఫ్ థ్రోన్స్ పుస్తకాలు అయిపోయాయి, ఇప్పుడేం చదవను?" అని ఎవరైనా అడగ్గానే చాలామంది తమకి నచ్చిన పది పేర్లు వరసపెట్టి చెప్పేస్తారు. అడిగినవాళ్లు ఆ పదింటిలో కవర్ నచ్చినదో, ఆఫర్‌లో ఉన్నదో ఒకటి కొంటారు. నూట యాభై పేజీల దగ్గర ఆగిపోతారు. ఊహాలోకాల్లో రాజ్యాలు, యుద్ధాలు, మాయల చుట్టూ నడిచే ఎపిక్ ఫాంటసీలో ఆ పొరపాటు ఖరీదైనది. ఒక్కో సిరీస్ నెలల తరబడి చదవాలి, సెట్టు మొత్తం కొనాలంటే వేలు పెట్టాలి. అందుకని ముందు అడగాల్సినవి అడిగి, లెక్కలు చూసుకుని, ఒక్క పేరే చెప్పాలి. ఆ ఒక్క పేరు దాకా ఎలా వెళ్లాలో చూద్దాం.

1. రెండు ప్రశ్నలు అడగండి

మొదటిది: ఈమధ్య ఇష్టంగా పూర్తిచేసిన సిరీస్ ఏది, అందులో మళ్లీ తిరగేసి చదువుకున్న ఘట్టం ఏది? రెండోది: మధ్యలో వదిలేసిన సిరీస్ ఏది, సరిగ్గా ఎక్కడ వదిలేశారు?

రెండో ప్రశ్నకి వచ్చే జవాబే ఎక్కువ పనికొస్తుంది. నచ్చినదాని గురించి అందరూ "కథ బాగుంది, పాత్రలు బాగున్నాయి" అనే అంటారు. వదిలేసిన చోటు మాత్రం కచ్చితంగా చెబుతారు. ఆ చోటుని బట్టి వాళ్ల ఓపిక దేనికి ఉందో, దేనికి లేదో తెలిసిపోతుంది.

రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్'ని ఎనిమిది, తొమ్మిది, పది పుస్తకాల మధ్య ఆపేశారనుకోండి. అది అందరూ ఇబ్బంది పడే చోటే. ముఖ్యంగా 2003లో వచ్చిన పదో పుస్తకం 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్విలైట్'లో చాలా భాగం, తొమ్మిదో పుస్తకం చివర్లో జరిగిన ఒక పెద్ద సంఘటన సమయానికి మిగతా పాత్రలు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నాయో చెప్పడానికే సరిపోతుంది. ఇలాంటి పాఠకుడికి కొత్త సిరీస్ అక్కర్లేదు. పదో పుస్తకాన్ని అధ్యాయాల సారాంశంతో గట్టెక్కించి, 2005 నాటి పదకొండోది 'నైఫ్ ఆఫ్ డ్రీమ్స్' చేతిలో పెట్టండి. అక్కణ్నుంచి కథ మళ్లీ పరుగందుకుంటుంది. తొమ్మిది పుస్తకాలు చదివి ఆపేసినవాళ్లని అలాగే వదిలేయడం అన్యాయం.

స్టీవెన్ ఎరిక్సన్ మలాజన్ సిరీస్‌లో మొదటిదైన 'గార్డెన్స్ ఆఫ్ ది మూన్'ని రెండొందల పేజీల లోపే పక్కన పెట్టి "ఎవరు ఎవరో అర్థం కాలేదు" అంటే, వాళ్లకి కావాల్సింది పాత్రతో పాటే పాఠకుడూ లోకాన్ని నేర్చుకునే పుస్తకం. ఊరు దాటని కుర్రాడో, కోటలో పెరిగిన అనాథో బయటికి అడుగుపెట్టే కథ ఏదైనా వాళ్లకి నప్పుతుంది.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నాలుగో పుస్తకం 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్' దగ్గర ఆగారా? అందులో టిరియన్, డేనేరిస్, జాన్ల అధ్యాయాలు లేవు. నాలుగు, ఐదు పుస్తకాల కథని రచయిత చాలావరకు ప్రాంతాల వారీగా విడగొట్టాడు, అందుకే ముఖ్యమైనవాళ్లు ఐదో పుస్తకంలోకి వెళ్లిపోయారు. ఇక్కడ ఆగినవాళ్లు లోకం కోసం కాక మనుషుల కోసం చదువుతున్నట్టు. వాళ్లకి ఒకే మనిషి చెప్పే కథ, లేదా నాలుగైదు పాత్రలకి మించని కథ చెప్పండి.

రాబిన్ హాబ్ పుస్తకాల్లో ఫిట్జ్ అనే కుర్రాడి కథని "ఆ కుర్రాడికి అన్నీ కష్టాలేనా" అంటూ వదిలేసినవాళ్లకి ఇంకో విషాదం చూపించకండి. చివర్లో గెలుపు దక్కే కథలు వెతకండి.

2. నచ్చిన పుస్తకంలో ఏది నచ్చిందో విడదీయండి

మార్టిన్ అభిమానులు నలుగురుంటే నలుగురూ నాలుగు కారణాలతో చదివి ఉంటారు. "మార్టిన్ నచ్చితే ఇది చదవండి" అనే ఒకే జవాబు పనిచేయనిది అందుకే.

మాటల పదును, మంచీ చెడూ తేల్చలేని మనుషులు నచ్చినవాళ్లకి జో అబర్‌క్రాంబీ 'ఫస్ట్ లా' మూడు పుస్తకాలు. అందులో గ్లోక్టా ఒకప్పుడు పేరుమోసిన కత్తివీరుడు. శత్రువుల చెరలో చిత్రహింసలు పడి, మెట్టు ఎక్కడానికి కూడా నానా యాతన పడే స్థితిలో, ఇప్పుడు తనే ఇతరుల్ని హింసించే అధికారిగా బతుకుతుంటాడు. అతను పైకి ఒకటి మాట్లాడుతుంటే మనసులో ఇంకొకటి నడుస్తుంటుంది. టిరియన్ ఇష్టమైనవాళ్లు గ్లోక్టా దగ్గర ఆగిపోరు.

సింహాసనాల చరిత్ర, రాజ్యాలు కట్టడం, కూల్చడం నచ్చినవాళ్లకి కెన్ లియు 'డాండెలియన్ డైనాస్టీ'. 'ది గ్రేస్ ఆఫ్ కింగ్స్' 2015లో, నాలుగోదీ చివరిదీ 'స్పీకింగ్ బోన్స్' 2022లో వచ్చాయి. మొదటి పుస్తకానికి మూలం చైనాలో హాన్ వంశం నిలదొక్కుకోక ముందు చూ, హాన్ పక్షాల మధ్య జరిగిన పోరు. కథకుడు పైనుంచి చూస్తూ చెబుతాడు, ఒక్కో వీరుడి పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్లి మళ్లీ కథలోకి వస్తాడు. పాశ్చాత్య నవలలకి అలవాటుపడినవాళ్లకి ఇది దూరంగా అనిపించవచ్చు గానీ, భారతం ఉపాఖ్యానాలతో సహా విని పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ చెప్పే తీరు కొత్తేమీ కాదు. ఈ సిరీస్‌ని మనవాళ్లకి ఇంకా ఎక్కువగా చెప్పాలి.

ఒక మనిషి లోపలి బాధ, ఎదుగుదల కోసం చదివేవాళ్లకి రాబిన్ హాబ్. 'అసాసిన్స్ అప్రెంటిస్' (1995) రాకుమారుడి అక్రమ సంతానంగా కోటకి చేరిన పిల్లవాడు ఫిట్జ్ కథ. రాజు అతన్ని రహస్యంగా హంతకుడిగా తయారుచేయిస్తాడు. మొత్తం ఆ పిల్లవాడి నోటితోనే నడుస్తుంది. యుద్ధాలు తక్కువ, గాయాలు ఎక్కువ.

యుద్ధం ఎంత విశాలంగా ఉంటే అంత ఇష్టపడేవాళ్లకి మాత్రమే ఎరిక్సన్ 'మలాజన్ బుక్ ఆఫ్ ది ఫాలెన్', 1999 నుంచి 2011 దాకా పది పుస్తకాలు. ఎరిక్సన్ పురావస్తు శాస్త్రం, మానవ శాస్త్రం చదువుకున్నవాడు. అతని లోకంలో లక్షల ఏళ్ల చరిత్ర పొరలుపొరలుగా ఉంటుంది, ఏ పొరనీ రచయిత ఆగి వివరించడు. ఇది గొప్ప సిరీస్. కానీ ఇప్పుడే ఫాంటసీలోకి వచ్చినవాళ్లకి దీన్ని చెప్పడం తప్పు. పెద్ద సిరీస్‌లు రెండు మూడు పూర్తిచేసినవాళ్లకే చెప్పాలి.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ అభిమానుల్లోనూ తేడాలున్నాయి. ఆ పాత లోకపు బరువు, నెమ్మది ప్రయాణం కావాలంటే టాడ్ విలియమ్స్ 'మెమరీ, సారో అండ్ థార్న్'. అందులో మొదటిది 'ది డ్రాగన్‌బోన్ చెయిర్' 1988 నాటిది, మార్టిన్‌కి కూడా స్ఫూర్తినిచ్చిన సిరీస్ ఇది. స్నేహితుల బృందం, తరుముకొచ్చే చీకటి కావాలంటే 'వీల్ ఆఫ్ టైమ్' మొదటి పుస్తకం 'ది ఐ ఆఫ్ ది వరల్డ్' (1990). దీని తొలి భాగం టోల్కీన్ బాటలోనే నడిచి, తర్వాత తన దారి పడుతుంది. భాష లోతు, మాటకున్న మహిమ కావాలంటే ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ'. 1968లో మొదలైన ఈ పుస్తకాలు సన్నగా ఉంటాయి, అయినా మనసులో పెద్ద చోటు పడతాయి.

మ్యాజిక్‌కి లెక్క ఉండాలనేవాళ్లకి దారి సులువు. బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బోర్న్' (2006)లో లోహపు తునకలు మింగి, కడుపులో వాటిని మండిస్తే శక్తి వస్తుంది. ఇనుము లోహాన్ని తనవైపు లాగుతుంది, ఉక్కు దూరంగా నెడుతుంది, తగరం కంటిచూపునీ చెవుల్నీ పదును చేస్తుంది. నాణెం కింద పడేసి ఉక్కు మండిస్తే మనిషి గాల్లోకి లేస్తాడు. ఈ నియమాలన్నీ ముందే చెప్పి, వాటితోనే ముడులు విప్పుతాడు. ఇది నచ్చితే బ్రెంట్ వీక్స్ 'లైట్‌బ్రింగర్' ఐదు పుస్తకాలు కూడా నచ్చుతాయి, అక్కడ శక్తి రంగుల్లో ఉంటుంది.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'పాతాళదుర్గం' లాంటి సీరియల్స్ చదివి పెరిగి, ఇప్పుడు ఇంగ్లీషులో అలాంటిదేదైనా కావాలని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకి కావాల్సింది వరస సాహసాలు, మాంత్రికులు, అధ్యాయం చివర ఉత్కంఠ. 'ది ఐ ఆఫ్ ది వరల్డ్', 'మిస్ట్‌బోర్న్' రెండూ సరిపోతాయి. హాబ్, ఎరిక్సన్ వద్దు.

3. గంటల లెక్క వేయండి

పేజీల లెక్క మోసం చేస్తుంది, ఎడిషన్‌ని బట్టి మారిపోతుంది. పదాల లెక్క వేయండి. ఇంగ్లీషు తీరిగ్గా చదివేవాళ్లకి నిమిషానికి 200 పదాలు అనుకుంటే గంటకి 12,000.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొత్తం సుమారు 4.8 లక్షల పదాలు, అంటే 40 గంటలు. మలాజన్ పది పుస్తకాలు దాదాపు 33 లక్షలు, 275 గంటలు. 'వీల్ ఆఫ్ టైమ్' 44 లక్షల దాకా ఉంటుంది. రోజుకి గంట చొప్పున చదివితే ఏడాది పట్టేస్తుంది. 'ఎర్త్‌సీ' మొదటి పుస్తకం ఐదు గంటల్లో అయిపోతుంది. ఉద్యోగం, పిల్లలతో రోజుకి అరగంట దొరికేవాళ్లకి పద్నాలుగు పుస్తకాల సిరీస్ చెబితే మూడో పుస్తకానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. వాళ్లకి మూడు పుస్తకాల్లో ముగిసేవే మేలు.

బస్సులోనో కారులోనో గంటల కొద్దీ ప్రయాణం చేసేవాళ్లకి ఆడియో మంచి దారి. 'ఫస్ట్ లా'ని స్టీవెన్ పేసీ చదివిన తీరు అద్భుతం, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు. 'వీల్ ఆఫ్ టైమ్'ని మైఖేల్ క్రామర్, కేట్ రీడింగ్ చదివారు. శాండర్సన్ 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్'లో మొదటిది 'ది వే ఆఫ్ కింగ్స్' ఒక్కటే 45 గంటల పైన ఉంటుంది. మలాజన్‌ని మాత్రం మొదటిసారి ఆడియోలో వద్దు. పేర్లు కంటికి కనిపించకపోతే ఎవరు ఎవరో పట్టుకోవడం రెట్టింపు కష్టం.

భాష సంగతి కూడా చూడాలి. తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీషు నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకి శాండర్సన్ వాక్యం తేలిక. టోల్కీన్ పాతకాలపు వాక్యం, ఎరిక్సన్ దట్టమైన వాక్యం మొదట్లో అడ్డుపడతాయి.

4. కథ ముగిసిందో లేదో ముందే చెప్పండి

ఇది దాచడం పాఠకుడికి చేసే పెద్ద ద్రోహం. మార్టిన్ ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. పాట్రిక్ రాత్‌ఫస్ 'ది నేమ్ ఆఫ్ ది విండ్' (2007) ఎంత అందంగా రాసినా, రెండో పుస్తకం 2011లో వచ్చాక మూడోది రాలేదు. ముగింపు లేకపోయినా ఫరవాలేదనే వాళ్లకే వీటిని చెప్పండి.

శాండర్సన్ 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్' పది పుస్తకాల ప్రణాళిక. 2024లో వచ్చిన ఐదోది 'విండ్ అండ్ ట్రూత్'తో మొదటి సగం ముగిసింది. జోర్డన్ 2007లో చనిపోతే, ఆయన వదిలివెళ్లిన రాతలు, నోట్స్ ఆధారంగా చివరి మూడు పుస్తకాలు శాండర్సనే పూర్తిచేశాడు. 'వీల్ ఆఫ్ టైమ్' చివర్లో శైలి మారినట్టు అనిపిస్తే కారణం అదే.

5. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరసలో చదవాలో రాసివ్వండి

హాబ్ పుస్తకాలు మొత్తం పదహారు. ఫారసీర్ మూడు ('అసాసిన్స్ అప్రెంటిస్' ఇందులో మొదటిది), లైవ్‌షిప్ ట్రేడర్స్ మూడు, టానీ మ్యాన్ మూడు, రెయిన్ వైల్డ్ నాలుగు, ఫిట్జ్ అండ్ ది ఫూల్ మూడు. ఇదే వరస. లైవ్‌షిప్‌లో ఫిట్జ్ కథ నడవదు కాబట్టి చాలామంది దాన్ని దాటేసి టానీ మ్యాన్‌కి వెళ్లిపోతారు. అలా చేస్తే టానీ మ్యాన్‌లో ఒక ముఖ్యమైన పాత్ర గురించి బయటపడే సంగతి బలం సగం పోతుంది.

సాప్కోవ్‌స్కీ 'విచర్'లో నవలలు 'బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్'తో మొదలవుతాయి. కానీ ముందు 'ది లాస్ట్ విష్', 'సోర్డ్ ఆఫ్ డెస్టినీ' అనే రెండు కథల సంపుటాలు చదవాలి. కథానాయకుడు గెరాల్ట్‌కీ, సిరి అనే అమ్మాయికీ బంధం ఎలా ఏర్పడిందో వాటిలోనే ఉంది.

'ఫస్ట్ లా' మూడు పుస్తకాల తర్వాత విడివిడి నవలలు మూడున్నాయి: 'బెస్ట్ సర్వ్‌డ్ కోల్డ్', 'ది హీరోస్', 'రెడ్ కంట్రీ'. అవి చదివాకే 'ఏజ్ ఆఫ్ మ్యాడ్‌నెస్' అనే తర్వాతి మూడు పుస్తకాలు. మలాజన్ రెండో పుస్తకం 'డెడ్‌హౌస్ గేట్స్' వేరే ఖండంలో, చాలావరకు కొత్త మనుషులతో మొదలవుతుందనీ, ఐదోది మళ్లీ అలాగే చేస్తుందనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే తప్పు పుస్తకం కొన్నామనుకుంటారు. 'న్యూ స్ప్రింగ్' పూర్వకథ కదా అని 'వీల్ ఆఫ్ టైమ్'ని దానితో మొదలుపెట్టనివ్వకండి. టోల్కీన్‌ని 'సిల్మరిలియన్'తో అసలే వద్దు.

6. కొనేటప్పుడు జాగ్రత్త

మన దేశంలో ఎక్కువగా దొరికేవి బ్రిటిష్ పేపర్‌బ్యాక్‌లు. లావు పుస్తకాల్ని వాళ్లు రెండుగా విడగొడతారు. 'ది వే ఆఫ్ కింగ్స్ పార్ట్ టూ' రెండో పుస్తకం కాదు, మొదటి పుస్తకంలో రెండో సగం. మార్టిన్ 'ఎ స్టార్మ్ ఆఫ్ సోర్డ్స్' కూడా 'స్టీల్ అండ్ స్నో', 'బ్లడ్ అండ్ గోల్డ్' అని రెండు భాగాలుగా దొరుకుతుంది, 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' సంగతీ అంతే. ఆన్‌లైన్‌లో ఫొటో చిన్నగా ఉంటే ఆ 'పార్ట్' అన్న మాట కంటికి ఆనదు. అమ్మకం పేజీలో పూర్తి పేరు, పేజీల సంఖ్య రెండూ చూడమనండి. వెయ్యి పేజీలు ఉండాల్సిన పుస్తకం ఐదారు వందలే చూపిస్తే అది సగమే.

ఎంత నమ్మకమున్నా మొదటి పుస్తకం ఒక్కటే కొనమనండి. బాక్స్ సెట్ తర్వాత.

7. చెప్పేటప్పుడు నాలుగు సంగతులు ఉండాలి

ఎందుకు మీకే చెబుతున్నాను, ఎక్కడ విసుగొస్తుంది, ఏ పేజీ దాకా చూడాలి, ఏ విషయం ఇబ్బంది పెట్టవచ్చు. వాట్సాప్‌లో పంపే మాట ఇలా ఉంటే చాలు:

"తమ్ముడూ, నీకు టిరియన్ మాటలు ఇష్టమన్నావు కదా, 'ఫస్ట్ లా' మొదటి పుస్తకం 'ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్' మొదలుపెట్టు. మూడు పుస్తకాలు, కథ పూర్తయిపోయింది. మొదటిదాంట్లో పెద్ద సంఘటనలు తక్కువ, మనుషుల పరిచయమే ఎక్కువ. రక్తం, బూతులు బాగా ఉంటాయి. గ్లోక్టా వచ్చే అధ్యాయాలు మూడు చదువు. అతను పట్టుకోకపోతే ఆపేసి చెప్పు, వేరేది చూద్దాం."

విసుగొచ్చే చోటు ఒక్కో పుస్తకానికి ఒక్కోటి. 'డ్రాగన్‌బోన్ చెయిర్'లో మొదటి నూట యాభై, రెండొందల పేజీలు వంటింటి కుర్రాడు సైమన్ కోటలో తిరగడమే. 'ది వే ఆఫ్ కింగ్స్' మొదలే మూడుసార్లు మొదలవుతుంది: వేల ఏళ్ల నాటి ఒక దృశ్యం, తర్వాత ఒక రాజు హత్య, ఆ తర్వాత యుద్ధభూమిలో ఒక కొత్త సైనికుడు. అసలు కథానాయకుడు కాలడిన్ కళ్లతో కథ నడిచేది ఇవన్నీ దాటాకే. మధ్యలో ఇంటర్‌లూడ్ అనే పేరుతో వచ్చే విడి అధ్యాయాల్లో ఎవరో కొత్తవాళ్లు కనిపిస్తారు, వాళ్లని గుర్తుపెట్టుకోవాలని కంగారు పడక్కర్లేదని చెప్పండి.

ఇబ్బంది పెట్టే విషయాల్లో మొహమాటం వద్దు. ఆర్. ఎఫ్. క్వాంగ్ 'ది పాపీ వార్' (2018) బడి కథలా మొదలై, 1937లో చైనాలో జపాన్ సైన్యం జరిపిన నాన్‌జింగ్ ఊచకోతని తలపించే ఘట్టాల దాకా వెళుతుంది. ఎన్. కె. జెమిసిన్ 'బ్రోకెన్ ఎర్త్' మూడు పుస్తకాలకీ 2016, 2017, 2018లలో వరసగా హ్యూగో ఉత్తమ నవల పురస్కారం వచ్చింది. కానీ అది మొదలయ్యేదే ఒక తల్లి ముందు చనిపోయి ఉన్న చిన్న పిల్లవాడితో. అందులో కొంత కథ "నువ్వు" అని పాఠకుడిని పిలుస్తున్నట్టు నడుస్తుంది కాబట్టి ఆ సంగతీ చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లల కోసం అడిగే తల్లిదండ్రులకి 'ఎర్త్‌సీ', 'ది ఐ ఆఫ్ ది వరల్డ్', 'మిస్ట్‌బోర్న్' చెప్పవచ్చు. మార్టిన్, అబర్‌క్రాంబీ పెద్దయ్యాక.

పాత్రల పేర్లు గూగుల్‌లో వెతకొద్దని ప్రత్యేకంగా హెచ్చరించండి. అభిమానుల వికీల్లో మొదటి వరుసలోనే ఆ పాత్ర ఎలా చచ్చిపోయిందో ఉంటుంది. మలాజన్ పుస్తకాల ముందు పాత్రల జాబితా, వెనక పదాల పట్టిక ఉంటాయి. 'వీల్ ఆఫ్ టైమ్'లోనూ చివర్న పదకోశం ఉంటుంది. అవి చాలు.

8. రెండు వారాల తర్వాత ఒకసారి అడగండి

"అయిపోయిందా?" అని కాదు, "ఎక్కడున్నావు?" అని అడగండి. చెప్పిన చోటు దాకా వచ్చి కూడా పట్టుకోకపోతే "ఇంకో వంద పేజీలు చూడు" అని బతిమాలకండి. ఏది అడ్డుపడిందో తెలుసుకుని ఒక్క మెట్టు పక్కకి జరగండి. హాబ్ మరీ నెమ్మది అంటే 'మిస్ట్‌బోర్న్'. 'మిస్ట్‌బోర్న్' మాటలు చప్పగా ఉన్నాయంటే 'ఫస్ట్ లా'. 'ఫస్ట్ లా' మరీ చేదంటే టాడ్ విలియమ్స్. 'గార్డెన్స్ ఆఫ్ ది మూన్' అర్థం కాకపోయినా ఆకట్టుకుందంటే మాత్రం వదిలిపెట్టకుండా 'డెడ్‌హౌస్ గేట్స్' ఇవ్వండి. వేల మంది శరణార్థుల్ని కాపాడుకుంటూ ఎడారి దాటే సైన్యం కథ అందులో ఉంది. చాలామంది పాఠకులు మలాజన్‌కి అక్కడే కట్టుబడిపోతారు.